మొదట బ్యాకప్, చివర కౌంటర్: ఒడిశా సరిహద్దు వ్యాపారాలకు క్లౌడ్ లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్ళలో కాస్త పెద్ద కొట్టో, మిల్లో, డిస్ట్రిబ్యూషనో నడుపుతున్న వారిని ఇప్పుడు ఒక ప్రశ్న వేధిస్తోంది. మెట్ల కింద ఉన్న సర్వరు పాతబడింది. విండోస్ సర్వర్ 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10తోనే ఆగిపోయింది, కౌంటర్ యంత్రాల్లోని విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఆగింది. కొత్త సర్వరు కొనాలా, "అంతా క్లౌడ్‌లో పెట్టేయండి సార్" అంటున్న ఏజెంటు మాట వినాలా? (క్లౌడ్ అంటే ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లను నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడం.)

చిక్కంతా ఆ "అంతా" దగ్గరే ఉంది. ఒక వ్యాపారంలో కంప్యూటర్లు చేసే పనులు ఆరేడు రకాలు. బిల్లు కొట్టడం, పద్దులు రాయడం, వే బ్రిడ్జి (లారీ కాటా) తూకం పట్టడం, జీఎస్టీ రిటర్నులు, మెయిలు, బ్యాకప్, సీసీటీవీ. వీటిలో ఒక్కోటి ఒక గంట ఆగితే కలిగే నష్టం ఒక్కో రకం. కాబట్టి నిర్ణయం కూడా ఒక్కటిగా తీసుకోకూడదు, పనివారీగా తీసుకోవాలి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. అన్నిటికంటే ముందు పైకి, అంటే క్లౌడ్‌కి, వెళ్ళాల్సింది బ్యాకప్. చివరగా, అదీ అవసరమైతేనే, కదలాల్సింది బిల్లింగ్ కౌంటర్. రెండు రాష్ట్రాల్లో శాఖలున్న వారి పద్దులకు క్లౌడ్ నిజంగా మేలు చేస్తుంది. సీసీటీవీ జోలికి పోవద్దు.

ఏజెంటు అమ్మేది ఏ సరుకు?

క్లౌడ్ పేరుతో మార్కెట్లో దొరికేవి నాలుగు వేర్వేరు సరుకులు. కొటేషన్ చేతికి రాగానే అది ఏ రకమో తేల్చుకోవాలి.

మొదటిది, సాఫ్ట్‌వేర్‌నే అద్దెకు తీసుకోవడం. పద్దులు రాసే జోహో బుక్స్ లాంటివి ఈ కోవలోవి. బ్రౌజర్ తెరిచి పని చేసుకోవడమే, సర్వరు ఎక్కడుందో మీకు అక్కర్లేదు. అప్‌డేట్లు, మరమ్మతులు వాళ్ళవే. రెండోది, మీరు ఇప్పటికే వాడుతున్న పద్దుల సాఫ్ట్‌వేర్ టాలీనే ఎక్కడో ఉన్న విండోస్ సర్వరులో పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ (దూరంలోని యంత్రం తెరను మీ తెర మీద చూపే పద్ధతి) ద్వారా చూపించడం. మన ప్రాంతంలో "టాలీ ఆన్ క్లౌడ్" అంటూ అమ్ముతున్నవి ఎక్కువగా ఇవే. మూడోది, అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ వారి అజూర్, గూగుల్ దగ్గర ఖాళీ వర్చువల్ మెషీన్ (పెద్ద సర్వరులో విడి కంప్యూటరులా పని చేసే భాగం) తీసుకుని అన్నీ మనమే పెట్టుకోవడం. దీనికి తెలిసిన మనిషి జీతం మీద గానీ కాంట్రాక్టు మీద గానీ ఉండాల్సిందే. నాలుగోది, పని అంతా ఇక్కడే జరుగుతూ, బ్యాకప్ మాత్రం రోజూ రాత్రి పైకి పోవడం.

రెండో రకంలో ఒక మెలిక ఉంది. చిన్న రీసెల్లర్లు ఒక పెద్ద సర్వరు అద్దెకు తీసుకుని అందులో పదిమంది ఖాతాదారులను కూర్చోబెడతారు. పక్కవాడి పని బరువెక్కితే మీ టాలీ నెమ్మదిస్తుంది, పక్కవాడికి వైరస్ సోకితే మీకూ ముప్పే. అందుకే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: సర్వరు ఏ నగరంలో ఉంది, ఎవరి డేటా సెంటర్, ఆ మెషీన్ మాకొక్కరికేనా లేక ఉమ్మడిదా. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టండి.

"అంత ఖర్చెందుకు, టాలీ డేటా ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెడితే రెండు ఊళ్ళలోనూ తెరుచుకుంటుందిగా" అనే సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. దీన్ని అసలు చేయవద్దు. టాలీ పని చేస్తున్నంతసేపూ ఆ ఫోల్డర్లోని ఫైళ్ళను తెరిచి ఉంచి చిన్న చిన్న ముక్కలుగా రాస్తూ ఉంటుంది. సింక్ సాఫ్ట్‌వేర్ మధ్యలో సగం రాసిన ఫైలును పట్టుకుపోతుంది. అదే సమయంలో రెండో ఊళ్ళో ఇంకొకరు తెరిస్తే రెండు రూపాలు తయారవుతాయి. డేటా పాడయ్యే దారుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది. టాలీ తన బ్యాకప్ ఆప్షన్‌తో తీసిన ఫైలును డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, నడుస్తున్న డేటాను పెట్టకూడదు.

తీగ సంగతి ముందు తేల్చండి

హైదరాబాదు లాంటి చోట క్లౌడ్ గురించి రాసేవాళ్ళు మొదట ధర మాట్లాడతారు. మన దగ్గర మొదట మాట్లాడాల్సింది తీగ గురించి. సర్వరు ఎంత గొప్పదైనా, మీ కొట్టుకీ దానికీ మధ్య ఉన్న దారి రోడ్డు వెడల్పు పనుల పక్కనుంచి, ఘాట్ మలుపుల్లోంచి, స్తంభాల మీద వేలాడుతూ వస్తోంది.

కంపెనీలు 99.9 శాతం అందుబాటు హామీ ఇస్తాయి. అంటే నెలకు దాదాపు 43 నిమిషాలకు మించి ఆగదని. బాగానే ఉంది, కానీ అది వాళ్ళ యంత్రానికి ఇచ్చే హామీ, మీ లైనుకు కాదు. మీ నెట్ 98 శాతం సమయం పని చేస్తోందనుకోండి, నెలకు 14 గంటలకు పైగా మీరు ఆగిపోయినట్టే. హామీ తప్పినా వాళ్ళు ఇచ్చేది వచ్చే బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే. పోయిన అమ్మకానికి పరిహారం ఎవరూ ఇవ్వరు.

వేగం విషయంలో చాలామంది పొరబడతారు. రిమోట్ డెస్క్‌టాప్‌లో టాలీ నడిపే ఒక గుమాస్తాకు సాధారణంగా 100 నుంచి 300 కేబీపీఎస్ సరిపోతుంది. ఎనిమిది మందికి కలిపి రెండు మూడు ఎంబీపీఎస్. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉందా 50 ఉందా అన్నది అసలు సమస్య కాదు. నొక్కిన అక్షరం తెర మీద పడటానికి పట్టే ఆలస్యం, మధ్య మధ్యలో లైను తెగిపోవడం, ఇవీ సమస్యలు. ఆ ఆలస్యాన్ని కొలిచే పింగ్ 150 మిల్లీసెకన్లు దాటితే వేగంగా ఎంట్రీ చేసే గుమాస్తాకు చిరాకు మొదలవుతుంది.

ఏ నగరంలోని సర్వరు తీసుకోవాలో మ్యాపు చూసి నిర్ణయించవద్దు. ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్లున్నాయి. అజూర్‌కు పుణె, చెన్నై, ముంబైల్లో, గూగుల్‌కు ముంబై, ఢిల్లీల్లో ఉన్నాయి. రాయగడకు హైదరాబాదు దగ్గర కదా అనిపిస్తుంది. కానీ మీ డేటా ముక్క (ప్యాకెట్) మీ నెట్ కంపెనీ దారి ప్రకారం పోతుంది. అది కోల్‌కతాకో చెన్నైకో వెళ్ళి అక్కడి నుంచి మళ్ళవచ్చు. అందుకని రెండు మూడు నగరాలకు పింగ్ పెట్టి కొలవాలి. ఒక్క రోజు కాదు, వారం పాటు, పగలూ సాయంత్రమూ, వీలైతే వాన రోజుల్లో. ప్యాకెట్ నష్టం, అంటే దారిలో పోయే ముక్కల వాటా, 1 శాతం దాటుతుంటే రిమోట్ డెస్క్‌టాప్ ఆలోచన వాయిదా వేసుకోవాలి. విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అది మన ప్రాంతానికి మంచి వార్తే, అయితే ఆ ప్రకటన చూసి ఇప్పటి నిర్ణయాన్ని ఆపుకోవడం సరికాదు.

రెండో లైను తప్పనిసరి. ఆ రెండోది వేరే కంపెనీ ఫైబర్ అయితే చాలనుకోవద్దు. రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభాల మీద వస్తుంటే జేసీబీ రెండింటినీ ఒకేసారి తెంపుతుంది. ఒకటి ఫైబర్, రెండోది 4జీ లేదా 5జీ రౌటర్ పెట్టుకోవాలి. రెండింటి మధ్య తనంతట తానే మారే రౌటర్ కొనాలి, లేకపోతే నెట్ పోయిన ప్రతిసారీ తీగలు మార్చే మనిషి కావాలి.

తుపాను వచ్చినప్పుడు ఇవేవీ నిలవవు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం, శ్రీకాకుళం జిల్లాలను దెబ్బతీసింది. కరెంటు, ఫోను రోజుల తరబడి రాని ఊళ్ళున్నాయి. మూడూ అక్టోబరులోనే వచ్చాయి. దసరా, దీపావళి అమ్మకాలూ దాదాపు ఆ రోజుల్లోనే. మన ప్రాంతంలో కౌంటర్‌ను పూర్తిగా నెట్ మీద ఆధారపడేలా పెట్టడం అంటే ఏడాదిలో ముఖ్యమైన నెలను పణంగా పెట్టడమే. అదే తుపాను బ్యాకప్ విషయంలో సరిగ్గా వ్యతిరేకంగా వాదిస్తుంది. మెట్ల కింద సర్వరు, దాని పక్క బీరువాలో బ్యాకప్ డిస్కు ఉంటే నీళ్ళు వచ్చినప్పుడు రెండూ తడుస్తాయి. పద్దుల కాపీ ఒకటి ముంబైలోనో హైదరాబాదులోనో ఉండి తీరాలి.

కౌంటర్‌ను కింద ఉంచడం ఎలా

సాయంత్రం ఏడు గంటలు. కౌంటర్ ముందు జనం. గుమాస్తా పదకొండో ఐటమ్ కోడ్ కొడుతుండగా తెర మసకబారి "రీకనెక్టింగ్" అని తిరుగుతుంది. అర నిమిషం తర్వాత కనెక్షన్ తిరిగి వస్తే సెషన్ సర్వరులో అలాగే ఉంటుంది, బిల్లు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగించవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్న మంచి గుణం ఇది. లైను పది నిమిషాలు రాకపోతే మాత్రం గుమాస్తా చీటీ మీద రాసి ఇస్తాడు. రాత్రి ఆ చీటీలన్నీ ఎక్కించాలి, రెండు మూడు తప్పిపోతాయి, స్టాకు కలవదు.

దీనికి విరుగుడు, కౌంటర్‌లో నెట్ లేకపోయినా నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, రోజు చివర్లో ఆ బిల్లులను పైనున్న పద్దుల్లోకి ఎక్సెల్ గానీ ఎక్స్ఎంఎల్ గానీ రూపంలో దిగుమతి చేసుకోవడం. కౌంటర్ బిల్లులకు వేరే వరుస ఇవ్వండి. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్వాయిస్ నంబరు 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఒకటికి మించి వరుసలు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. ప్రతి కౌంటర్‌కూ దాని ముందక్షరం ఉంటే కలపడంలో నంబర్లు ఢీకొనవు.

టర్నోవరు 5 కోట్లు దాటిన వారికి ఇంకో మాట. 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారి నుంచి వ్యాపారికి వేసే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. ఆ బిల్లుకు పడే గుర్తింపు సంఖ్య ఐఆర్ఎన్ ప్రభుత్వ పోర్టల్ నుంచి రావాలి కాబట్టి సాఫ్ట్‌వేర్ కొట్లో ఉన్నా, క్లౌడ్‌లో ఉన్నా నెట్ లేనిదే పని జరగదు. అంటే హోల్‌సేల్ బిల్లింగ్‌కు "కింద ఉంటే ఆగదు" అన్న వాదన సగమే నిజం. రిటైల్ కౌంటర్‌కు పూర్తిగా నిజం, ఎందుకంటే మామూలు కొనుగోలుదారు బిల్లుకు ఐఆర్ఎన్ అక్కర్లేదు. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లుకు మాత్రం ఎస్ఎంఎస్ దారి ఒకటుంది. ఐఆర్ఎన్ అక్కర్లేని బిల్లు అయినా, అది ముందే వచ్చి ఉన్నా, ఫోన్ నంబరును పోర్టల్‌లో ముందే రిజిస్టర్ చేసుకుని ఉంటే, లారీ బయట నిలబడి ఉన్నప్పుడు బ్రాడ్‌బ్యాండ్ లేకపోయినా బండి కదులుతుంది.

కౌంటర్ చుట్టూ ఉండే పరికరాలు కూడా ఈ నిర్ణయంలో పాలు పంచుకుంటాయి. బార్‌కోడ్ స్కానర్ కీబోర్డులా పని చేస్తుంది కాబట్టి బాధ లేదు. మూడు కార్బన్ కాపీల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మాత్రం విసిగిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో బిల్లు బొమ్మ రూపంలో ప్రయాణించి వస్తే ఒక్కో పేజీకి నిమిషం పడుతుంది, మార్జిన్లు జరుగుతాయి. సర్వరులో సరైన డ్రైవర్ వేసి, టాలీలో ప్రింట్ ఫార్మాట్‌ను డాట్ మ్యాట్రిక్స్‌కు మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. రైస్ మిల్లు వే బ్రిడ్జి ఇండికేటర్ సీరియల్ పోర్టు ద్వారా తూకం పంపుతుంది. ఆ పోర్టును రిమోట్ సెషన్‌లోకి మళ్ళించవచ్చు గానీ సెషన్ తెగినప్పుడల్లా తూకం ఆగిపోతుంది. ధాన్యం లారీల వరుస గేటు దాకా ఉన్న రోజున ఇది భరించలేనిది. కాటా సాఫ్ట్‌వేర్ కాటా గదిలోనే ఉండాలి, అంకెలు మాత్రమే పైకి పోవాలి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం) సంగతీ అంతే. రిటర్ను సంతకాలు స్థానిక యంత్రం మీదే చేసుకోండి.

సీసీటీవీ ఎందుకు వద్దన్నామో లెక్క చూడండి. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ పంపుతుంది. ఎనిమిది కెమెరాలకు 16 ఎంబీపీఎస్ అప్‌లోడు, రోజుకు 170 జీబీ పైమాటే. అప్‌లోడు తక్కువ ఉన్న లైనులో మీ టాలీకి మిగిలేది ఏమీ ఉండదు. రికార్డర్ కొట్లోనే ఉంచి, కదలిక ఉన్నప్పుడు ఫోన్‌కు హెచ్చరిక వచ్చేలా పెట్టుకుంటే చాలు.

రెండు రాష్ట్రాలు, ఒకే పద్దు

పర్లాకిమిడిలో గోదాము, పాతపట్నంలో కొట్టు. బరంపురంలో షోరూమ్, ఇచ్ఛాపురంలో శాఖ. రాయగడలో హోల్‌సేల్, పార్వతీపురంలో డిపో. ఈ తరహా వ్యాపారాలు మన సరిహద్దు పొడవునా ఉన్నాయి. క్లౌడ్ వల్ల నిజమైన లాభం కనిపించేది వీరికే.

ఒకే పాన్ మీద ఒడిశాకు 21తో మొదలయ్యే జీఎస్టీ నంబరు, ఆంధ్రకు 37తో మొదలయ్యేది. చట్టం దృష్టిలో ఇవి ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. గోదాము నుంచి మీ సొంత కొట్టుకే సరుకు పంపినా, రాష్ట్రం దాటితే అది పన్ను పడే సరఫరా. ఇన్వాయిస్ వేయాలి, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరాపై పన్ను) చూపాలి, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు తీయాలి. అవతలి శాఖ అదే బిల్లును తన కొనుగోలుగా రాయాలి. రెండు చోట్లా వేర్వేరు టాలీ ఉండి, సాయంత్రం పెన్ డ్రైవ్‌లో డేటా మోసుకెళ్ళే పద్ధతిలో ఈ జత కలవక నెలాఖరున ఆడిటర్ దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. టాలీప్రైమ్ 3.0 నుంచి ఒకే కంపెనీలో ఒకటికి మించి జీఎస్టీ రిజిస్ట్రేషన్లు పెట్టుకోవచ్చు. ఆ ఒక్క కంపెనీని క్లౌడ్‌లో పెట్టి రెండు ఊళ్ళ నుంచీ తెరిస్తే పంపిన సరుకు, అందిన సరుకు అదే రోజు ఎదురెదురుగా కనిపిస్తాయి. ఆడిటర్ బరంపురంలో ఉన్నా విశాఖలో ఉన్నా చూసే హక్కు మాత్రమే ఇచ్చి లాగిన్ ఇవ్వవచ్చు.

ఒకే ఊళ్ళో, ఒకే కప్పు కింద, నలుగురు గుమాస్తాలతో నడిచే వ్యాపారానికి ఈ లాభం లేదు. అలాంటివారు పద్దులను పైకి పంపకపోయినా కొంప మునగదు. మంచి యంత్రం, అద్దంలా ఒకే డేటా రాసే రెండు ఎస్ఎస్‌డీలు, పైన బ్యాకప్ ఉంటే చాలు. నెట్‌వర్క్ మాత్రం వైఫై కాకుండా కేబుల్ ఉండాలి. వైఫై తెగినప్పుడు టాలీ డేటా దెబ్బతినడం మామూలు విషయం.

డబ్బు లెక్క

సర్వరుకు యూపీఎస్‌తో కలిపి 2,20,000 అయిందనుకుందాం. 60 నెలలకు పంచితే నెలకు 3,667. ఈ వేడిలో యూపీఎస్ బ్యాటరీలు రెండు మూడేళ్ళే వస్తాయి. మధ్యలో ఒకసారి 15,000 పెట్టి మార్చితే నెలకు 250. సర్వరు సగటున 150 వాట్లు లాగితే నెలకు 108 యూనిట్లు, యూనిట్ 7 చొప్పున 756. మరమ్మతు మనిషికి నెలకు 2,000. మొత్తం 6,700 దరిదాపుల్లో. అటు క్లౌడ్ కొటేషన్‌లో యూజర్‌కు నెలకు 800 చొప్పున ఎనిమిది మందికి 6,400, రెండో నెట్ లైనుకు 1,000, బ్యాకప్‌కు 500 అనుకుంటే 7,900. దీని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, కానీ క్రెడిట్ తీసుకోవచ్చు. ఇవి లెక్క వేసే పద్ధతి చూపడానికి తీసుకున్న అంకెలు, మీ కొటేషన్లు పెట్టి మళ్ళీ వేయండి. ఎనిమిది, పది మంది స్థాయిలో రెండు దారులకూ తేడా పెద్దగా రాదు. ఖర్చు తగ్గుతుందని క్లౌడ్‌కి వెళ్ళేవారు నిరాశపడేది ఇందుకే. పన్ను వైపు నుంచి చూస్తే కొన్న కంప్యూటరు మీద ఏడాదికి 40 శాతం తరుగుదల, అద్దె మొత్తం ఆ ఏడాది ఖర్చులోకే.

అద్దెలో తేలికగా కనబడని లాభం ఒకటుంది. సర్వరు మదర్‌బోర్డు పోతే ఆ విడిభాగం విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి. ఆ రెండు మూడు రోజులు పద్దులు ఆగిపోతాయి. ఆ నష్టానికి మీ వ్యాపారంలో విలువ ఎంతో మీరే కట్టి, పై లెక్కలో కలపండి. పెద్ద హోల్‌సేల్‌కు ఈ ఒక్క అంకెతో తూకం క్లౌడ్ వైపు మొగ్గుతుంది.

మూడో రకం, అంటే సొంతంగా వర్చువల్ మెషీన్ తీసుకునేవారికి గంటల లెక్క ఉంటుంది. నెలకు 730 గంటలు. రోజుకు 10 గంటలు, 26 రోజులు మాత్రమే నడిపితే 260 గంటలు, అంటే యంత్రం అద్దెలో మూడో వంతుకు కాస్త పైన. కానీ యంత్రం ఆపినా డిస్కుకు, స్నాప్‌షాట్లకు (ఆ డిస్కు పాత కాపీలకు) బిల్లు ఆగదు. ఏడబ్ల్యూఎస్‌లో 2024 ఫిబ్రవరి 1 నుంచి యంత్రానికి ఇంటర్నెట్‌లో ఉండే ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకూ గంటకు 0.005 డాలరు పడుతోంది. పాత స్నాప్‌షాట్లు తీసేసే నియమం పెట్టకపోతే ఆరు నెలల్లో బిల్లు మెల్లగా పెరిగి కూర్చుంటుంది. బడ్జెట్ హెచ్చరికను మొదటి రోజే పెట్టాలి. విండోస్ సర్వరులో ఒకేసారి ఇద్దరికి మించి పని చేయాలంటే రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు విడిగా కొనాలి. కొనకుండా పెడితే 120 రోజులు నడిచి, ఆ తర్వాత లాగిన్లు ఆగిపోతాయి. నాలుగు నెలలు బాగా నడిచిన సర్వరు హఠాత్తుగా మొరాయించిందంటే ముందు ఇదే చూడాలి.

తాళం ఎవరి చేతిలో

క్లౌడ్‌కి వెళ్తే భద్రత వాళ్ళే చూసుకుంటారన్నది ప్రమాదకరమైన నమ్మకం. భవనం, కరెంటు, హార్డ్‌వేర్ వాళ్ళ బాధ్యత. పాస్‌వర్డులు, ఎవరికి ఏ హక్కు, బ్యాకప్, మూడో రకమైతే విండోస్ అప్‌డేట్లు కూడా, మీ బాధ్యత. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన సర్వరు మీద పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు గంటల్లోనే దాడి మొదలుపెడతాయి. ర్యాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లోపలికి వచ్చే ప్రధాన ద్వారాల్లో అదొకటి. పోర్టు నంబరు మార్చినంత మాత్రాన రక్షణ రాదు. వీపీఎన్ గానీ గేట్‌వే గానీ పెట్టి, ప్రతి లాగిన్‌కూ ఫోన్ కోడ్ తప్పనిసరి చేయాలి. మానేసిన గుమాస్తా లాగిన్‌ను ఆ రోజే తీసేయాలి. ఇలాంటి దాడి జరిగితే గమనించిన 6 గంటల్లోగా సైబర్ దాడులు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్నది 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. చాలా మంది యజమానులకు ఇది తెలియదు.

బ్యాకప్‌కు మూడు గుణాలుండాలి. ఒకటి, పని చేసే చోట కాకుండా వేరే చోట ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న ఖాతాదారులు డేటా పోగొట్టుకున్నారు. రెండు, 30 రోజుల దాకా ఎవరూ, అడ్మిన్ కూడా, చెరపలేని విధంగా తాళం పడాలి. నిత్యం తగిలించి ఉంచే యూఎస్‌బీ డిస్కును వైరస్ సర్వరుతో పాటే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. మూడు, తిరిగి తెరిచి చూసి ఉండాలి. మూడు నెలలకోసారి బ్యాకప్ ఫైలును ఇంకో యంత్రంలో రిస్టోర్ చేసి, నిన్నటి చివరి ఇన్వాయిస్ నంబరు, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం, ఏదైనా ఒక పార్టీ బకాయి సరిపోయాయో లేదో చూడండి. ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. 200 జీబీని 10 ఎంబీపీఎస్ లైను మీద తెచ్చుకోవాలంటే కాగితం మీదే 44 గంటలు, వాస్తవంలో రెండు రోజులు దాటుతుంది. ఈ సంగతి కొట్టు మూతపడిన రోజున కాదు, ముందే తెలియాలి.

చట్టం వైపు నుంచి కూడా బ్యాకప్ ఐచ్ఛికం కాదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలైతే ఎలక్ట్రానిక్ పద్దుల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వరులో రోజూ ఉండాలి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడిట్ ట్రయిల్ (పద్దుల్లో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో దాచే నమోదు) ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. ప్రొప్రైటరీ, భాగస్వామ్య సంస్థలకు ఆ కంపెనీ నిబంధనలు వర్తించవు. జీఎస్టీ రికార్డులు మాత్రం అందరూ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాల్సిందే.

ఈ 72 నెలలే కాంట్రాక్టులో అతి ముఖ్యమైన ప్రశ్నకు దారి తీస్తాయి: మేము మానేస్తే డేటా ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజులు ఉంచుతారు? సాఫ్ట్‌వేర్ అద్దె తీసుకున్నవారు పీడీఎఫ్ రిపోర్టులతో సరిపెట్టుకోకూడదు. లెడ్జర్లు, వోచర్లు, స్టాకు అన్నీ ఎక్సెల్ లాంటి తెరవగలిగే రూపంలో రావాలి. ప్రతి మార్చి 31 తర్వాత ఒక పూర్తి కాపీ తీసి మీ దగ్గరే పెట్టుకోండి. క్లౌడ్ ఖాతా, డొమైన్ పేరు రెండూ యజమాని సొంత మెయిల్, ఫోన్ మీద ఉండాలి. ఏజెంటు మెయిల్ మీద తీసుకుంటే, ఆయనతో మాటా మాటా వచ్చిన రోజున మీ పద్దులు ఆయన చేతిలో ఉంటాయి.

మార్చే రోజు

ఏప్రిల్ 1 బాగుంటుందనిపిస్తుంది. కానీ ఆ సమయంలో సంవత్సరాంతపు సర్దుబాట్లు నడుస్తుంటాయి, ఆడిటర్ దొరకడు. రైస్ మిల్లులు ఖరీఫ్ ధాన్యం మొదలయ్యే నవంబరు ముందే తేల్చుకోవాలి. బట్టల కొట్లకు, డిస్కౌంట్ సేల్ పెట్టని పక్షంలో, పెళ్ళిళ్ళు లేని ఆషాఢం తీరిక కాలం. నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు 11న, 3బికి 20న గడువులుంటాయి కాబట్టి 20 దాటాక వచ్చే శనివారం రాత్రి మంచిది.

అంతకు నెల ముందే బ్యాకప్ ఒక్కటి పైకి పంపడం మొదలుపెట్టండి. ఆ నెలలో లైను ఎన్నిసార్లు తెగిందో అదే చెప్పేస్తుంది. తర్వాత ఒక గుమాస్తాను, పద్దులు రాసే మనిషిని, రెండు వారాల పాటు కాపీ డేటా మీద రిమోట్‌లో పని చేయించండి. ప్రింటరు గొడవలన్నీ ఈ దశలోనే బయటపడతాయి. మార్చే రాత్రి పాత యంత్రంలో చివరి ఎంట్రీ అయ్యాక బ్యాకప్ తీసి, టాలీ లైసెన్సును అక్కడ సరెండర్ చేసి, కొత్తచోట యాక్టివేట్ చేయాలి. రెండు చోట్లా ట్రయల్ బ్యాలెన్స్, ముగింపు స్టాకు విలువ, రావాల్సిన బకాయిల మొత్తం, ప్రతి వరుసలోనూ చివరి ఇన్వాయిస్ నంబరు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క రూపాయి తేడా ఉన్నా సోమవారం కొత్తదానిలో కొట్టు తెరవవద్దు.

సరెండర్ చేసిన పాత యంత్రంలో టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి, అంటే లైసెన్సు లేని పరిమిత వాడకంలోకి, పోతుంది. వెనక్కి రావాల్సి వస్తే లైసెన్సు మళ్ళీ అక్కడ యాక్టివేట్ చేయాలి, దానికి నెట్ కావాలి. కాబట్టి లైసెన్స్ సీరియల్ నంబరు, అడ్మిన్ మెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఆ యంత్రాన్ని ఆరు నెలలైనా అమ్మవద్దు. నెట్‌వర్క్ కేబుల్ తీసేసి, నెలకోసారి ఆన్ చేసి చూసి, రిస్టోర్ పరీక్షలు దాని మీదే చేసుకోవచ్చు. అమ్మే రోజున డిస్కులు విప్పి తీసుకోండి, లేదా పూర్తిగా చెరిపించండి. క్విక్ ఫార్మాట్ కొట్టిన డిస్కులోంచి పార్టీల పేర్లు, బ్యాంకు ఖాతాలు తిరిగి తీయడం కష్టమేమీ కాదు.